చీకట్లో పచ్చజెండా

చనిపోతున్న నక్షత్రాన్ని ఖరగ్‌పూర్‌లో మొట్టమొదట చూసిన తెలుగువాణ్ణి నేనే. ఈ మాట ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. ఎవరూ కాదనలేదు కాబట్టి నిజమైపోయింది. కాస్త ఆగి సరిచేస్తాను. ఊళ్ళో అంత పెద్ద ఇంజనీరింగు కాలేజీ ఉంది, అందులో మనవాళ్ళ పిల్లలు చదివేవారు. వాళ్ళలో ఎవడో నాకంటే ముందే చూసి, ఎవరికీ చెప్పకుండా హాస్టలుకి పోయి పడుకుని ఉంటాడు. చూడడం వేరు, చెప్పుకోవడం వేరు. రెండో దాంట్లో మాత్రం నాకు ముందు ఎవరూ లేరు.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. వర్క్‌షాపు టైమాఫీసులో గుమాస్తాని. సుభాష్‌పల్లికి దగ్గర్లో రైల్వే క్వార్టర్‌లో మా అప్ప ఇంట్లో ఉండేవాణ్ణి. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. ఆమె మొగుడు, మా బావ, మెయిల్ డ్రైవరు. బొగ్గు ఇంజన్ల మీద పెరిగి, మెయిలు దాకా ఎక్కిన మనిషి. ఇంట్లో మాట తక్కువ. ఇంజనులో డ్రైవరు నిలబడే ఫుట్‌ప్లేట్ మీద గొంతు ఎంత పెద్దదో, ఆయన పక్కన బొగ్గు వేసే ఫైర్‌మన్ చెబితేనే మాకు తెలిసేది.

నా దుర్భిణీ సంగతి. అది ఒక ఓడ కెప్టెనుదనీ, సముద్రం మీద యుద్ధం చూసిందనీ చెప్పేవాణ్ణి. నిజానికి మా కాలనీలో ఒక ఆంగ్లో-ఇండియన్ డ్రైవరు ఉద్యోగం చాలించి ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇంటి సామాను వేలం వేశాడు. నేను చిలక పంజరం కోసం వెళ్ళాను. పంజరం ఇంకెవరో పాడుకున్నారు. ఇత్తడి గొట్టం నాకు మిగిలింది. మూడంగుళాల అద్దం. దాంతో ఆ పెద్దమనిషి వరండాలో కూర్చుని దూరంగా జరిగే క్రికెట్టు చూసేవాడట. కెప్టెనూ లేడు, యుద్ధమూ లేదు.

యుద్ధం ఆ తరవాత నిజంగానే వచ్చింది. అరవై అయిదు సెప్టెంబరు. మాకు దగ్గర్లోనే విమానాల స్థావరం. సైరను మోగితే అప్ప పొయ్యి మీద నీళ్ళు జల్లేది. సైరను మోగకపోయినా మేం మోగినట్టే ఉలిక్కిపడేవాళ్ళం. కిటికీలకి నల్ల కాగితాలు అంటించాం. యార్డులో దీపాలకి మూతలు వేశారు. రాత్రీ పగలూ వెలుగుతూ, చప్పుడు చేస్తూ ఉండే ఊరు చీకటిగా, అదే చప్పుడు చేస్తూ ఉండేది. అది ఎలా ఉండేదంటే, కళ్ళు మూసుకుని మనిషి మాట్లాడుతున్నట్టు. ఎవరికీ కాలు ఒక చోట నిలిచేది కాదు. ఆఫీసులో కూర్చుంటే ఇంటికి పోవాలనిపించేది. ఇంటికొస్తే స్టేషనుకి పోయి కబురేమిటో వినాలనిపించేది.

ప్రేమ్ బజార్ టీ కొట్లో నాకు పరిచయమైన ఒక బెంగాలీ లెక్చరరు ఆ చీకటి చూసి సంతోషించిన ఒకే ఒక్క మనిషి. "దాదా, ఇంత నల్లటి ఆకాశం ఈ ఊరికి మళ్ళీ రాదు" అని ఆయన నాకొక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. అందులో ఒక పేజీ మడిచాడు. అభిజిత్ నక్షత్రానికి కొంచెం పక్కన రెండు చిన్న చుక్కలుంటాయి. ఆ రెంటికీ మధ్య, కంటికి కనబడని చోట, ఒక ఉంగరం ఉంది.

దాన్ని గ్రహ నీహారిక అంటారని పుస్తకం చెప్పింది. గ్రహాలకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. పాతకాలంలో దుర్భిణీ పెట్టినవాళ్ళకి అలాంటివి గ్రహంలా గుండ్రంగా కనబడ్డాయట, ఆ పేరు పెట్టేశారు. తప్పని తేలాక కూడా పేరు మార్చలేదు. ఇది చదివి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆకాశం విషయంలో ఒకసారి నోరు జారితే శతాబ్దాలు నిలుస్తుందన్నమాట.

సంగతేమిటంటే, మన సూర్యుడిలాంటి నక్షత్రం ముసలిదైపోతుంది. ఉబ్బుతుంది. పైపొరల్ని వాయువుగా బయటికి వదిలేస్తుంది. లోపల మిగిలేది చిన్న గట్టి ముద్ద. భూమి అంత ఉంటుందేమో, కానీ మహా వేడి. అందులోంచి మన కంటికి ఆనని వెలుగు పుట్టి, చుట్టూ వదిలేసిన వాయువుకి తగిలి దాన్ని వెలిగిస్తుంది. వాయువు గుల్లలా చుట్టూ ఉంటుంది. మనకి ఉంగరంలా ఎందుకు కనబడుతుందంటే, లాంతరు చిమ్నీ చూడండి. ఎదురుగా గాజు ఉన్నట్టే ఉండదు, అంచుల్లో మాత్రం గీత గీసినట్టు కనబడుతుంది. అంచు దగ్గర చూపు ఎక్కువ గాజులోంచి వెళ్ళాలి కాబట్టి. ఇదీ అంతే. చివర్న ఇంకొక మాట ఉంది: ఆ వెలుగులో ఎక్కువ భాగం ఆక్సిజన్ ఇచ్చే పచ్చరంగు.

ఆ చివరి మాట దగ్గరే వచ్చింది చిక్కు.

ఆకాశం నాలుగు రోజులు ఏడిపించింది. మబ్బు, తెరిపి, మబ్బు. అప్ప పెరట్లో గొట్టాన్ని ముక్కాలిపీట మీద కట్టి, సాయంత్రం ఏడింటికి నడినెత్తికి వచ్చే అభిజిత్తు కోసం మెడ నొప్పెట్టేలా కాచుకున్నాను. వీధిలో దీపాలు కనబడకుండా కాపలా తిరిగే వార్డెను ఈలేసి "కౌన్ హ్యాయ్? క్యా చీజ్ హ్యాయ్?" అని అరిస్తే గొట్టం మీద అప్ప పాత చీర కప్పి, పక్కన బట్టలు ఆరేస్తున్నట్టు నిలబడ్డాను. ఆ చీకట్లో, ఆ వేళకి, బట్టలు!

చివరికి ఒక సాయంత్రం దొరికింది. పెసరగింజంత. బూడిదరంగు. నోట్లోంచి ఊదిన చుట్టపొగ ఉంగరం ఎవరో చాలా దూరంగా మరిచిపోయినట్టు. తిన్నగా చూస్తే కరిగిపోతుంది, చూపు కొంచెం పక్కకి తిప్పితే వస్తుంది. ఇది నిజం, దీంట్లో కల్తీ లేదు.

ఎక్కువసేపు నిజంగా ఉండడం నా చేత కాలేదు. "పచ్చ!" అని కేకేశాను. "పచ్చటి పచ్చ! మధ్యలో సుక్క కూడా కనబడతన్నాది!"

పెరట్లో నాతోపాటు ముగ్గురున్నారు. డ్యూటీ మాట అడగడానికి వచ్చిన బావ ఫైర్‌మన్, కుర్ర బెంగాలీవాడు, ముందు కన్ను పెట్టాడు. "గ్రీన్! ఏక్‌దమ్ గ్రీన్, దాదా!" అన్నాడు. తరవాత అప్ప వంగింది. "ఆఁ, పచ్చగానే ఉన్నాది. పొయ్యి మీద కూరుంది" అని లోపలికి పోయింది. చివర బావ.

బావ చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పొగలాగ ఉన్నాది. పచ్చ ఏదిరా?"

"సరిగ్గా సూడు బావా. మన స్టార్టర్ సిగ్నలు లాగ లేదేటి?"

ఆ పోలిక నేను ఎందుకు తెచ్చానో ఇప్పటికీ తెలీదు. నోటికి అందింది, అనేశాను. బావ పక్కకి జరిగాడు.

ఇక్కడ ఫుట్‌ప్లేట్ పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంజను మీద డ్రైవరుకి సిగ్నలు కనబడగానే రంగు పైకి అరుస్తాడు. ఫైర్‌మన్ తనూ చూసి, అదే మాట తిరిగి అరవాలి. ముందు ఫైర్‌మన్ చూస్తే డ్రైవరు తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా వచ్చాకే బండి ముందుకి. చాలామంది రెండోవాళ్ళు చూడకుండానే తిరిగి చెప్పేస్తారు, నోటికి అలవాటైపోతుంది. బావ దగ్గర అది సాగదు. "నువ్వు సూసి సెప్పినావా, నేను సెప్పినానని సెప్పినావా?" అని అడుగుతాడట. తను మాత్రం చూడని రంగు ఎన్నడూ తిరిగి చెప్పలేదు.

అందుకే ఆ సాయంత్రం ముగ్గురం పచ్చ అన్నాం, ఆయన అనలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో ఏదో తేడా. బావ పెసలూ కందిపప్పూ ఒక చేటలో కలిపి, గుమ్మంలో కూర్చుని ఏరుతున్నాడు. పగలు ఫుట్‌బ్రిడ్జి ఎక్కి యార్డులో సిగ్నళ్ళ వైపు చూస్తూ నిలబడుతున్నాడు. అప్ప జడరిబ్బను చేతిలోకి తీసుకుని "ఇదేటి రంగు?" అని అడిగాడట.

అప్ప నన్ను వంటింట్లో పట్టుకుంది. "ఏటయిందిరా మీ బావకి? నా రిబ్బను రంగు అడుగుతన్నాడు. పెళ్ళయిన కాణ్ణించీ నా ముకం రంగే అడగనేదు."

నవ్వాను. అప్ప నవ్వలేదు.

"విశ్వకర్మ పూజ అయ్యాక ఆసుపత్రిలో కళ్ళ పరీక్షంట. అందులో తప్పితే మెయిలు మీంచి దించేస్తారంట. ఏ షెడ్డులోనో కూసోబెడతారంట. ఆ మనిషి షెడ్డులో కూసుంటే బతుకుతాడేటిరా?"

అప్పుడు అర్థమైంది. డ్రైవర్లకి రంగుల పరీక్ష ఎలా చేస్తారంటే, చీకటి గదిలో కూర్చోబెట్టి, దూరంగా ఒక చిన్న వెలుగుచుక్క చూపించి, "ఏ రంగు?" అని అడుగుతారు. ఎరుపు, పచ్చ, పసుపు, ఒకదాని తరవాత ఒకటి. చీకటి, చిన్న వెలుగు, ఏ రంగు. నా పెరటి ఆట బావకి అచ్చం ఆ పరీక్షలాగే కనబడింది. అందులో మేం ముగ్గురం పాసయ్యాం, ఆయన ఒక్కడూ ఫెయిలయ్యాడు.

వెంటనే చెప్పేయాలి కదా? చెప్పలేదు. అప్పటికే టైమాఫీసులో అందరికీ పచ్చ ఉంగరం చూశానని చెప్పేశాను. వర్క్‌షాపు ఫోర్‌మన్ తన పిల్లల్ని తీసుకొస్తానన్నాడు. రెండు రోజులు ఆఫీసుకి నడిచిన దారినే ఇంకోసారి నడిచాను, తిన్న అన్నం ఏమిటో తెలీలేదు. పరీక్షలో ఎలాగూ పాసవుతాడు, కళ్ళు బాగానే ఉన్నాయి కదా, అప్పుడు అదే సర్దుకుంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను.

సర్దుకోలేదు. మూడోనాడు బాలాసోరు లైన్లో బావ పచ్చ సిగ్నలు దగ్గర మెయిలు ఆపేశాడు.

ఫైర్‌మన్ వచ్చి మా గుమ్మం బయట నిలబడి చెప్పాడు. "దాదా, స్టేషను ముందర అవుటర్ సిగ్నలు, గ్రీన్. మూత వేసిన దీపం, చిన్నగా. నేను చెప్పాను గ్రీన్. ఉస్తాద్ చూస్తున్నాడు, చెప్పడం లేదు. మళ్ళీ చెప్పాను. ఉస్తాద్ బ్రేక్ కొట్టాడు. గార్డు బాబు పరిగెత్తుకొచ్చాడు. ఉస్తాద్ ఏమన్నాడు తెలుసా? 'నాకు కనబడేది నాకు నమ్మకం లేదు' అన్నాడు." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రేపు పొద్దున్న డాక్టర్ దగ్గరికి వెళ్ళి తనే చెప్పేస్తాడంట, నాకు గ్రీన్ తెలీదని. మెయిలు వదిలేస్తాడంట."

సైకిలెక్కి ప్రేమ్ బజారు పోయాను. ఎందుకు పోయానో ఒప్పుకోవాలి. లెక్చరరు గనక "ఔను, కొందరికి పచ్చగా కనబడుతుంది" అంటే, నా అబద్ధం అబద్ధం కాకుండా పోతుందని ఆశ. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "మూడంగుళాల గొట్టంలోనా? పచ్చా? సన్నటి వెలుగులో మనిషి కంటికి రంగు తెలీదు దాదా. బూడిదరంగే. మధ్య చుక్కా? దానికి ఇంకా ఎంతో పెద్ద దుర్భిణీ కావాలి." అని, "ఎందుకు, ఎవరైనా చూశామన్నారా?" అని అడిగాడు.

"ఎవడో అన్నాడు" అన్నాను. అక్కడ కూడా.

ఇల్లు చేరేసరికి పొద్దు పూర్తిగా పోయింది. దీపం లేని వరండాలో బావ కుర్చీ ఉంది, అందులో బావ ఉన్నట్టు ఊపిరి వినబడుతోంది. మెట్ల మీద కూర్చుని చెప్పేశాను. "బావా, అది పచ్చగా నేదు. నాకూ పొగలాగే కనబడింది. పుస్తకంలో పచ్చ అని రాసుంటే, నేను సూసినట్టు సెప్పినాను."

జీవితంలో నేను ఒప్పుకున్న మొదటి అబద్ధం అది. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. బావ లేచి కౌగిలించుకుంటాడనుకున్నాను, కనీసం తిడతాడనుకున్నాను.

"మంచోడివిరా" అన్నాడు బావ, నెమ్మదిగా. "నా కోసం ఇప్పుడు అబద్ధం ఆడతన్నావు."

"అబద్ధం కాదు బావా! అప్పుడు ఆడినాను. ఇప్పుడు నిజం!"

"ఓడ కెప్టెను గొట్టం అన్నావు. దాని మీద పీరంగి దెబ్బ తగిలిన సొట్ట సూపించినావు. నీ మాట ఎప్పుడు నిజమో నాకు ఎలగ తెలుస్తాది?"

సొట్ట కూడా నేనే పెట్టాను, సుత్తితో. ఆ సంగతి అప్పుడు చెప్పినా లాభం లేదు. ఫైర్‌మన్‌ని లాక్కొచ్చాను. వాడూ "ఉస్తాద్, దాదా గ్రీన్ అన్నాడు, హమ్ భీ గ్రీన్ బోలా. నాకు ఏమీ కనబడలేదు, నా కనురెప్పే కనబడింది" అన్నాడు. "ఇద్దరూ కూడబలుక్కున్నారు" అన్నాడు బావ. వాడు తల పట్టుకుని మెట్ల మీద నా పక్కన కూలబడ్డాడు. నిజం చెబుతున్న ఇద్దరు మనుషులు, నమ్మేవాడు లేడు. అంత ఊపిరాడని సాయంత్రం నేను మళ్ళీ ఎరగను.

అప్ప లోపల్నుంచి విసురుగా వచ్చింది. డ్రైవర్ల ఇనప పెట్టె ఆమె చేతిలో ఉంది. బావ బండెక్కేటప్పుడు పట్టుకెళ్ళేది. అందులో అన్నం గిన్నె, చేతి దీపం, ఎర్రజెండా, పచ్చజెండా అన్నీ ఉంటాయి.

"రేపు ఆఫీసులో ఇచ్చీసి వస్తానన్నావు కదా, సద్దుతన్నాను. జెండాలు ఏరుగా కట్టమన్నావు. దీపం ఎలిగించనివ్వరు, ఈ సీకట్లో ఏది ఎరుపో ఏది పచ్చో నాకేటి తెలుస్తాది? నువ్వే కట్టుకో!" అని రెండు జెండాలూ బావ ఒళ్ళో పడేసింది.

బావ రెంటినీ చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

నేను మెట్ల మీంచి లేచాను. "అప్పా, ఒకటి ఎత్తి పట్టుకో" అన్నాను. ఆమె ఒకటి తీసి పట్టుకుంది. గుడ్డ ఊగడం కనబడుతోంది. కుట్టు కూడా కనబడుతోంది. "ఏ రంగు?" అని అడిగాను.

"నాకు తెలీదు" అంది అప్ప.

"మాలూమ్ నహీ" అన్నాడు ఫైర్‌మన్, ముక్కు గుడ్డకి ఆనించి.

"నాకూ తెలీదు" అన్నాను. "నీకు, బావా?"

బావ చాలాసేపు చూశాడు. "తెలీదు" అన్నాడు.

అప్పుడు బావే లేచి, చేతి దీపం తీసి, కండువా లోపల దాచుకుని, ఒక్క సందు నుంచి వెలుగు పడేలా పట్టాడు. పచ్చజెండా. దీపం మూశాడు. బూడిద. తెరిచాడు. పచ్చ. పిల్లాడు స్విచ్చితో ఆడినట్టు ఎన్నిసార్లు చేశాడో. దూరంగా వార్డెను ఈల.

"పగలు జెండా, రాత్రి దీపం" అన్నాడు బావ, తనలో తను. ఇంజను దగ్గరికి వెళ్ళిన మొదటి రోజు నేర్పే పాఠం అది. రాత్రి జెండా ఎందుకు ఊపకూడదో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ సంగతి ఆకాశానికి కూడా వర్తిస్తుందని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు.

పచ్చ ఉంగరం ఉంది. దాని పచ్చదనం కూడా నిజం. మన కంటికి చేరేసరికి అది చీకట్లో జెండా అయిపోతోంది.

"గొట్టం పెట్టు" అన్నాడు.

మబ్బు అడ్డం వచ్చింది. పెరట్లో నలుగురం నిలబడి, ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకుంటూ కాచుకున్నాం. కూర మాడింది, అప్ప కదల్లేదు. తెరిపి ఇచ్చాక బావ వంగాడు. ఫుట్‌ప్లేట్ మీది గొంతు అంటే ఏమిటో ఆ రోజు నా చెవులతో విన్నాను.

"పొగ!"

నేను వంగి, చూపు పక్కకి తిప్పి, అది వచ్చేదాకా ఆగాను. ఆగడం నాకు చాలా కష్టంగా ఉంది. వచ్చింది. "పొగ" అన్నాను.

మర్నాడు పొద్దున్న బావ పెట్టె పట్టుకుని డాక్టరు దగ్గరికి కాకుండా ఇంజన్ల షెడ్డుకి డ్యూటీకి వెళ్ళాడు. పచ్చ దగ్గర బండి ఆపినందుకు జవాబు రాసి ఇమ్మన్నారు. "సిగ్నలు మీద అనుమానం వచ్చి ఆపితిని" అని రాసిచ్చాడు, నా పేరు రాయలేదు. పూజ అయ్యాక కళ్ళ పరీక్షకి పిలిచారు. అప్ప, నేను ఆసుపత్రి బయట సైకిళ్ళ దగ్గర నిలబడ్డాం. నిలబడ్డాం అన్నానే గానీ, నేను అటూ ఇటూ తిరుగుతూంటే అప్ప నా చొక్కా పట్టుకుని నిలబెట్టింది. మూసిన గది లోపల్నుంచి "రెడ్! గ్రీన్! ఎల్లో! గ్రీన్!" అని కేకలు. తరవాత డాక్టరు గొంతు, "ఆస్తే బోలో బాబా, యే ఇంజన్ నహీ హ్యాయ్" అని, మెల్లిగా చెప్పు, ఇది ఇంజను కాదని.

ఆ తరవాత ఆ ఇంట్లో నేను ఏం చెప్పినా, పులిని చూశానన్నా, సాలువా క్యాంపు దగ్గర పామును తొక్కానన్నా, బావ కంచంలోంచి తలెత్తకుండా "జెండాయా, దీపమా?" అని అడిగేవాడు. దీపం అయితే దీపం అనేవాణ్ణి. ఎక్కువసార్లు జెండాయే.

ఒకటి మాత్రం ఆ సాయంత్రం ఒప్పుకోలేదు. మధ్యలో చుక్క. ఒకేసారి అన్నీ ఇచ్చేస్తే చేతిలో ఏం మిగులుతుందని ఉంచుకున్నాను. బావ రిటైరయి, పెరట్లో మంచం వేసుకుని పడుకునే రోజుల్లో ఒక సాయంత్రం, అడక్కుండా అడిగినట్టు అన్నాడు:

"ఆ ఉంగరం మద్దెన సుక్క అన్నావు."

"జెండా" అన్నాను.

"తెలుసును" అన్నాడు బావ. "నిజం సెప్పినప్పుడు నీ గొంతు సిన్నదయిపోతాది. పొగ అన్న రోజు నాకు సరిగ్గా వినబడనేదు."